‘ఒంటి చెప్పు’ కోసం దివిసీమ దాకా

ఈ ప్రయాణం గురించి నేను రాయకపోతే, మా నూజివీడు గ్రంథాలయంలో సాయంత్రంపూట పేపరు ముందేసుకుని కూచునే పెద్దమనుషులు చెప్పిందే ఖాయమైపోతుంది. వాళ్లు చెప్పేదేమిటంటే, నేను మెడికల్ షాపుకి సెలవు పెట్టి దివిసీమలో రొయ్యలు తినొచ్చానని. రొయ్యలు తిన్న మాట నిజమే. వెళ్లింది మాత్రం అందుకు కాదు. మన జిల్లా మనిషి ఒకడు, పెళ్లిళ్లలో వాడే మైకులతోనే, వింటే వెన్ను జలదరించే సంగీతం ఒకటి చేశాడు. విన్నవాళ్లందరూ దాన్ని మధ్యలో ఆపేశారు. ఆపేసినవాళ్లు ఎలాగూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

సంగతి పాతది. తొంభైల మొదట్లో ఒకసారి హైదరాబాదు వెళ్తూ వీడియో కోచ్ ఎక్కాను. ఆ బస్సులో డ్రైవరు వెనక ఒక టీవీ కట్టి ఏదో ఒక క్యాసెట్ వేసేవారు. ఆరోజు పొరపాటున వేసింది ‘ఒంటి చెప్పు’ అనే వీడియో సినిమా. సముద్రపు ఒడ్డున ఒక పల్లె. రోజూ తెల్లారేసరికి ఒక్క చెప్పు ఒడ్డుకి కొట్టుకొస్తుంది. అది ఎవరి కాలికి సరిపోతే వాళ్లు ఆ రోజు వేటకెళ్లి తిరిగి రారు. నటులకి నటన రాదు, కెమెరా పట్టినవాడికి చెయ్యి నిలవదు. కానీ పావుగంట గడిచాక ఒక చప్పుడు మొదలైంది. మైకు కూత. సభల్లో మైకు కూస్తే అందరూ చెవులు మూసుకుంటారే, అదే. అయితే అది ఆగలేదు. వంగింది, లావెక్కింది, దాని కింద నలిగిపోతున్న హార్మోనియం లాంటిదేదో మూలిగింది. బస్సులో ముందు సీటాయన లేచి, ఏదైనా కామెడీ వెయ్యమన్నాడు. క్లీనరు వేశాడు. బస్సంతా నవ్వుకుంటూ హైదరాబాదు చేరింది. నేను ఆ పావుగంట దగ్గరే ఉండిపోయాను.

తరవాత మా గ్రంథాలయంలో సంగీతం అని రాసి ఉన్న బీరువా తీయించాను. తాళంచెవి వెతకడానికే వారం పట్టింది. త్యాగరాజ కీర్తనల వెనక ఎవరూ విప్పని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. యూరపులో మోత పెట్టెలు తయారుచేసి కచేరీలు పెట్టారట. జపానులో గంటసేపు ఒట్టి హోరు విని చప్పట్లు కొట్టేవాళ్లున్నారట. భయం కంటితో కాదు, చెవితో లోపలికి వస్తుందని వాళ్లకి తెలుసు. మనకి తెలీదు. మన సినిమా దయ్యానికి తెల్లచీర, గజ్జెల చప్పుడు, పక్కన ఒక కుక్క ఏడుపు. దాన్ని తరమడానికి నాలుగు నిమ్మకాయలు. నిమ్మకాయకి జడిసే దయ్యం పచ్చడి జాడీని చూస్తే ఏమైపోవాలి?

ఆ సినిమా టైటిల్స్‌లో ‘శబ్దం: కోటేశ్వరరావు, గుడివాడ’ అని ఉండటం గుర్తుంది. కిందటేడు మా షాపుకి వచ్చే మందుల కంపెనీ కుర్రాణ్ణి అడిగితే, గుడివాడ బస్టాండు వెనక మైకు సెట్టు కోటేశ్వరరావు అని ఒకాయన ఉన్నాడని చెప్పాడు. మొన్న మాఘమాసంలో బయల్దేరాను.

గుడివాడ

గుడివాడ గురించి ముందే చెప్పేస్తాను. మా మెట్టప్రాంతంలో కొత్తమనిషి వస్తే మంచినీళ్లిచ్చి, ఎప్పుడు బయల్దేరారని అడుగుతాం. గుడివాడలో ఎన్ని ఎకరాలని అడుగుతారు. హోటల్లో ఐదు రూపాయల ఇడ్లీ తింటుంటే ఎదురుగా కూచున్నాయన అడిగాడు. పొలం లేదన్నాను. “అయ్యో, మరెలా బతుకుతున్నారండీ?” అన్నాడు. ఎంత మర్యాదో చూడండి. ఈ డెల్టావాళ్ల ‘అండీ’ ఒక పట్టుగుడ్డ. ఎంత రాయైనా అందులో చుట్టి విసురుతారు. ఇడ్లీ మాత్రం మెత్తగా ఉంది. అల్లం పచ్చట్లో బెల్లం ఎక్కువ, మాటల్లో ఉన్నంతే.

కోటేశ్వరరావు గారి కొట్టు ముందు తుప్పు పట్టిన హారన్లు ఉమ్మెత్తపూల కుప్పలా పడున్నాయి. ఆయనకి అరవై దాటి ఉంటాయి. నేను వెళ్లేసరికి వైరు చివర పళ్లతో కొరికి తొడుగు లాగుతున్నారు. ముందు పళ్ల మధ్య వైరు పట్టేంత గాడి పడిపోయింది. నేను వచ్చిన పని చెప్పాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. లోపలినుంచి ఆయన భార్య వచ్చి, ఎడమ వైపుకొచ్చి అరవమంది.

కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి పావలా వంతు పనిచేస్తోంది. విజయవాడ డాక్టరు అది కూడా ఎక్కువకాలం ఉండదన్నాడట. ఇందులో ఆశ్చర్యమేముందని ఆయనే అడిగారు.

“ముప్పై ఏళ్లు హారను పక్కన నించున్నాను బాబూ. పెళ్లిభోజనాలు మీరు తిన్నారు. మోత నేను తిన్నాను.”

నేను బస్సులో చూసిన పావుగంట గురించి ఆయన ఎడమచెవిలో అరిచి చెప్పాను. వీధిలో నలుగురు ఆగి విన్నారు. ఆయన వైరు కింద పెట్టారు. పదేళ్లలో ఆ మాట ఎత్తినవాణ్ణి నేనొక్కణ్ణేనట. నేను విన్నది మొదలు మాత్రమే అన్నారు. అసలు పని ఆఖరి పది నిమిషాల్లో ఉందిట. అందులో మాటల్లేవు, మనుషుల్లేరు, సముద్రమూ శబ్దమూ అంతే.

“దాన్ని ముక్కలు ముక్కలుగా చేశాను. బొమ్మ మీద ఎక్కాక మొత్తంగా ఒక్కసారీ వినలేదు. ఇక్కడే ఫంక్షన్ హాల్లో వేశారు. పావుగంటకే జనం కుర్చీలు ఎత్తారు.”

ఆయన దగ్గర కాపీ లేదు. సినిమా తీసినవాడు బందర్లో ఉన్నాడు. నేను వెళ్లి తెస్తానన్నాను. తానూ వస్తానని అప్పటికప్పుడు కొట్టుకి తాళం వేశారు. సంచిలో ఒక పంచె, స్క్రూడ్రైవరు, సెల్లోటేపు పెట్టుకున్నారు.

“ఆ కూత వినడానికే మిగిల్చుకున్నారా ఆ ఒక్క చెవినీ?” అంది ఆయన భార్య. అంటూనే అటుకుల పొట్లం సంచిలో కుక్కింది. ఆ మాట మాత్రం ఆయనకి ఒక్కసారికే వినపడింది.

బందరు

పాసింజరు బండిలో పెడన మీదుగా బందరు వెళ్లాం. చెవిటివాడితో ప్రయాణం చేస్తే రహస్యం అనేది ఉండదు. నేను దయ్యం గురించీ చెప్పు గురించీ అరుస్తుంటే పెట్టె అంతా మా సంభాషణలోకి వచ్చేసింది. పూలగంప పెట్టుకుని కూచున్న ఒకావిడ, ఆ చెప్పు ఆడదా మగదా అని అడిగింది. ఇన్నేళ్లుగా ఆ సినిమా గురించి ఆలోచిస్తున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు. మగదేనన్నారు కోటేశ్వరరావు గారు. అయితే భయమేముంది, మగవాళ్లు చెప్పులు ఎక్కడైనా వదిలేస్తారంది ఆవిడ.

ఆ సినిమా తీసిన ప్రసాదు పెళ్లి వీడియోలు తీస్తాడు. స్టూడియోలో గోడ నిండా వధూవరులు హృదయాల్లోంచి తొంగిచూస్తున్నారు. ఒకనాడు భయానక చిత్రం తీసిన మనిషి ఇప్పుడు పెళ్లికొడుకుని హంస మీద ఎగరేస్తున్నాడు. చిత్రకళ ఇంతకంటే దిగజారదనుకుంటే, పక్కనే పెళ్లికూతురు తాజ్‌మహల్ కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది.

అసలు క్యాసెట్ ఏదని అడిగాం. అతను మా ఇద్దరికీ కాఫీ తెప్పించి, అది చల్లారేదాకా ఫ్యాను గురించి మాట్లాడి, చివరికి చెప్పాడు. ఒక పెళ్లికి క్యాసెట్ తక్కువైతే దాని మీదే రికార్డు చేసేశాడట.

“అంతా పోయిందా?” అని అడిగాను.

“సినిమా గంటన్నరే కదండీ. పెళ్లి మూడు గంటలొచ్చింది.”

కోటేశ్వరరావు గారికి నేను ఈ మాట అరిచి చెప్పాల్సొచ్చింది. అలాంటి మాట ఒకసారి వినడమే కష్టం, గట్టిగా చెప్పడం ఇంకా కష్టం. ఆయన ఎవరి పెళ్లి అని మాత్రం అడిగారు. ప్రసాదు చెప్పాడు. ఆ పెళ్లికి మైకు తనదేనన్నారు. ప్రసాదు కాస్త సిగ్గుపడినట్టే కనిపించి, అప్పట్లో కొన్ని కాపీలు వీడియో పార్లర్లకి అమ్మాననీ, మిగతావన్నీ తిట్లతో సహా తిరిగొచ్చాయనీ, అవనిగడ్డలో మహాలక్ష్మి గారి పార్లరుకిచ్చింది మాత్రం రాలేదనీ చెప్పాడు.

బందరు లడ్డు గురించి రాయకపోతే పాఠకులు క్షమించరు. కొన్నాను. రోకలితో దంచుతారట, అందుకే ఆ నునుపు. మంచిదే. కానీ ఒక లడ్డు బాగా చేసినందుకు ఊరంతా ఇంత గర్వపడటం నేనెక్కడా చూడలేదు. లాడ్జిలో గది అరవై రూపాయలు. దోమలకి విడిగా తీసుకోరు.

మంగినపూడి

మర్నాడు పొద్దున కోటేశ్వరరావు గారు మంగినపూడి చూపిస్తానన్నారు. నల్లమట్టి ఒడ్డు. సముద్రం లోపలికి ఎంత నడిచినా మోకాలు దాటదు. ఈ సముద్రాన్ని చూసి భయపడాలంటే శబ్దం పెట్టక తప్పదని అక్కడ నిలబడితేనే అర్థమైంది.

ఆఖరి పది నిమిషాలు చేసింది అక్కడే. నాలుగు హారన్లు నాలుగు దిక్కుల నుంచి ఎదురెదురుగా పెట్టారట. మధ్యలో పడవ తెరచాప కొయ్యకి మైకు వేలాడదీశారు. గాలికి మైకు ఊగుతుంటే ఒక్కో హారను దగ్గరకొచ్చినప్పుడు ఒక్కో కూత. ఆయన ఏమీ వాయించలేదు. గాలి వాయించింది. మోత పెట్టెల గురించి చదివానే, వాటికి కూడా తిప్పడానికి ఒక మనిషి కావాలి. దీనికి అదీ అక్కర్లేదు. ఈ మాట ఆయనతో అన్నాను. జపాను సంగతి కూడా చెప్పాను. వాళ్లు హారన్లు ఏ కంపెనీవి వాడతారని అడిగారు.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన మావైపు చాలాసేపు చూసి లేచొచ్చాడు.

“నువ్వు ఆ బూరలోడివి గదా మావా?”

కోటేశ్వరరావు గారు అవునని తలూపారు.

“ఆ వారం మా వలల్లో పీతలు తప్ప ఒక్కటీ పళ్లా. చేపలన్నీ దడుచుకుని చీరాల ఎల్లిపోయినియ్యి.”

ఆయనకి ఇది వినపడలేదు. నేను చెవిలో చెప్పాను. ప్రయాణంలో మొదటిసారి నవ్వారు. “చూశావా, చేపలకి అర్థమైంది,” అన్నారు.

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ

చల్లపల్లిలో బస్సు మారాలి. కోటగోడ, ధాన్యం లారీలు, బడిపిల్లల సైకిళ్లు. పక్కకొట్లో ఎవరో పౌరాణిక నాటకం పద్యాల క్యాసెట్ పెట్టారు. నలుగురు చుట్టూ చేరి, రాగం తీసిన ప్రతిసారీ ఆహా అంటున్నారు. ఒకే రాగాన్ని ఊపిరితిత్తులు పగిలేదాకా సాగదీస్తే ఇక్కడ సంగీతం. మైకు అదే పని చేస్తే రోగం. నేను ఈ అభిప్రాయం చెప్పబోతే కోటేశ్వరరావు గారు చెయ్యిపట్టి బస్సెక్కించారు. ఆ నాటకాలవాళ్లే తన అన్నదాతలన్నారు.

అవనిగడ్డలో మహాలక్ష్మి గారి పార్లరు ఇప్పుడు ఎస్టీడీ బూతు, పక్కన గాజులూ రిబ్బన్లూ. సీడీలు వచ్చాక క్యాసెట్లు ఎవరూ అడగట్లేదట. ‘ఒంటి చెప్పు’ పేరు చెప్పగానే ఆవిడ నెత్తి కొట్టుకుంది.

“దాన్ని తీసుకెళ్లినోళ్లు ఒక్కరూ రీలు వెనక్కి తిప్పి ఇచ్చేవాళ్లు కాదండీ. జరిమానా రెండ్రూపాయలు కట్టేవాళ్లు గానీ తిప్పేవాళ్లు కాదు. పెట్టె తెరిస్తే రీలు ఎప్పుడూ ఒక్కచోటే ఉండేది. ఆ కూత మొదలవడం, ఆపెయ్యడం.”

“మరి మీరు మొత్తం చూశారా?” అని అడిగాను.

“నాకేం ఖర్మండీ?”

ఇంత నిజాయితీ గల విమర్శకురాలు మా గ్రంథాలయంలో లేదు. క్యాసెట్ ఇప్పుడెక్కడుందని అడిగితే, కిందటి నెలలో మిగిలినవన్నీ గోనెసంచుల్లో పోసి, క్యాసెట్లు వేసే వీసీపీతో సహా నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులాయనకి అమ్మేశానంది. పేరు వెంకన్నబాబు. చెరువుల మీద కూచుని సినిమాలు చూసేంత తీరిక ఉందా ఆయనకి అన్నాను.

“వీసీపీ చూడ్డానికేనండీ. క్యాసెట్లు మటుకు చూడ్డానికి కాదు. కట్టడానికి.”

నాకు అర్థం కాలేదు. కోటేశ్వరరావు గారికి వినపడలేదు. ఆవిడ చేతులు అడ్డంగా చాపి, ఒక గుంజ నుంచి ఇంకో గుంజకి తాడు కట్టినట్టు చూపించింది. ఆయన ఆ చేతుల వైపు చూసి, నాకంటే ముందే గ్రహించారు.

ఆ పూట హోటల్లో రొయ్యల వేపుడుతో భోజనం ఇరవై ఐదు. నూజివీడులో ఆ డబ్బుకి పప్పూ, మామిడికాయ ముక్కా. అంత బావున్న రొయ్యలు అంత చేదుగా నేనెప్పుడూ తినలేదు. కోటేశ్వరరావు గారు అటుకులే తిన్నారు.

నాగాయలంక

చెరువుల దగ్గరికి వెళ్లడానికి ఆటో వాడు ఎనభై అడిగాడు. దారిలో ఒకప్పుడు వరి పండిన భూములన్నీ ఇప్పుడు నీళ్లు. మనిషి కంటే పంపు సెట్టు ఎక్కువ మాట్లాడే ప్రాంతం. గట్టు ఎక్కేముందు, చెరువుకి రోగం అంటకుండా, చెప్పులు విప్పించి, ఊదారంగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచమన్నారు. పర్మాంగనేట్. మా షాపులో పుండ్లకి చిటికెడు పొట్లం కడతాం. ఇక్కడ బకెట్లలో కలిపారు. వారం రోజులు నా పాదాలు నేరేడుపళ్లు తొక్కినట్టున్నాయి.

తొట్టిలో కాళ్లు పెట్టినప్పుడే వినపడింది. సన్నగా, తగ్గకుండా, ఎక్కడినుంచో తెలీకుండా ఒక మూలుగు. తలెత్తితే చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వరసగా నల్లటి రీళ్లు. ఎండకి తళుక్కుమంటూ, సముద్రపు గాలికి వణుకుతూ. పార్లర్లలోని సినిమాలన్నీ అక్కడ ఆరేసి ఉన్నాయి.

వెంకన్నబాబుకి నలభై ఉంటాయి. మొహంలో నిద్ర లేదు. రెండు పంటలు వైట్‌స్పాట్ రోగం వచ్చి వరసగా పోయాయట. నీటికాకులు ఒక చెరువులో రోగం రొయ్యని ముక్కున కరుచుకుని ఇంకో చెరువులో పడేస్తాయి. అంతే, చెరువు మొత్తం తెల్లారేసరికి తేలుతుంది. ఈ పంట కూడా పోతే అమ్ముకోవడానికి పొలం లేదన్నాడు. పిట్టల్ని బెదరగొట్టడానికే ఈ రీళ్లు.

“పాటల క్యాసెట్ రీలు సన్నం బాబాయ్, తెగిపోద్ది. వీడియో రీలు ఎడల్పు. మెలితిప్పి కడితే బాగా కూత్తది.”

ఏ సినిమా రీలైనా ఒకటేనా అని అడిగాను.

“దేవుడి సినిమా, దయ్యం సినిమా అని పిట్టలకేం తెలుద్దండీ?”

నేను చాలా కోపంగా వచ్చాను. కళ గురించి తెలియని మూర్ఖుడికి ఏం చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. రెండు పంటలు పోయిన మనిషి ఎదుట అవి నోటికి రాలేదు. సంగతి చెప్పాను. అతను కాపలావాళ్లని పిలిచి, ఖాళీ డబ్బాలు పారేసిన కుప్ప వెతికించాడు. పైన అంటించిన కాగితం చిరిగిన క్యాసెట్ ఒకటి దొరికింది. ‘ఒంటి చెప్పు’ అని ప్రసాదు చేతిరాత.

కోటేశ్వరరావు గారు దాన్ని ఎండలో పెట్టి మూత తెరిచారు. వీడియో క్యాసెట్లో రెండు చక్రాలుంటాయి. చూసేసిన భాగం ఒకదాని మీదికి చేరుతుంది, చూడాల్సింది రెండోదాని మీద ఉంటుంది. కాపలావాడు రీలు మధ్యలో తెంపి, లావుగా ఉన్న చక్రం నుంచి అంతా లాగేసుకున్నాడు. సన్నగా ఉన్నదాన్ని వదిలేశాడు. అంటే చూడాల్సింది గాలికి పోయింది, అందరూ చూసి ఆపేసింది మాత్రం మిగిలింది.

ఆయన తెగిన కొసని సెల్లోటేపుతో ఖాళీ చక్రానికి అంటించి, స్క్రూలు బిగించి, పాకలోని వీసీపీలో పెట్టి వెనక్కి తిప్పారు. కాపలావాళ్లు నిద్రపోకుండా ఉండటానికి వెంకన్నబాబు కొన్న వీసీపీ అది. పట్టపగలు, పాకలో, రొయ్యల మేత బస్తాల మీద కూచుని మేమంతా ‘ఒంటి చెప్పు’ చూశాం. టైటిల్స్. పల్లె. చెప్పు ఒడ్డుకి రావడం. కోటేశ్వరరావు గారు ఎడమచెవిని టీవీకి ఆనించి, బొమ్మ వైపు చూడకుండా, మా మొహాల వైపు చూస్తున్నారు. కూత మొదలైంది. వంగింది. లావెక్కింది. దాని కింద ఆ హార్మోనియం లాంటిది మూలిగింది. తెర మీద చీమలు పరుగెత్తాయి.

అచ్చంగా అక్కడే. పదేళ్ల కిందట బస్సులో క్లీనరు ఆపిన చోటే. ఇంత దూరం వచ్చి నేను కొత్తగా ఒక్క క్షణం కూడా వినలేదు.

“అయిపోయిందా?” అన్నాడు కాపలావాడు. “బానే ఉంది. తరవాతేమైంది?”

ఆ సినిమా గురించి అలా అడిగినవాడు ప్రపంచంలో వీడొక్కడే. ఆ తరవాత ఏమైందో తెంపి చెరువుకి కట్టినవాడూ వీడే.

చెరువు గట్టు

మిగతా రీలు ఎక్కడ కట్టారో చూపించమని కోటేశ్వరరావు గారు అడిగారు. తూర్పువైపు వరస అన్నాడు కాపలావాడు. అయితే ఆ వరసలో మూడు క్యాసెట్ల రీళ్లు కలిసిపోయాయి. ఒకటి ఇది, ఒకటి ఎవరిదో పెళ్లి, ఒకటి హత్యలు, పరిశోధన ఉన్న డబ్బింగు సినిమా. ఏది ఏదో వాడికి తెలీదు. నాలుగు వారాల ఉప్పుగాలికి రీలు మీద నల్లపొడి రాలిపోయి, కొన్నిచోట్ల వెనక ఆకాశం కనిపిస్తోంది. విప్పి చుట్టినా ఇక అందులో ఏమీ ఉండదు. ఈ సంగతి నేను చెప్పబోతే, నాకు తెలుసన్నట్టు చెయ్యి ఊపారు.

ఆయన మొదటి గుంజ దగ్గరికి వెళ్లి, వంగి, రీలుని ముందు పళ్ల మధ్య గాడిలో పెట్టుకున్నారు.

నేను ఆయన మీద పడి లాగబోయాను. ఆ గట్టు మీద చల్లే మందులు నాకు తెలుసు. ఆయన మోచేత్తో నన్ను తోశారు. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి వదిలి, తల అడ్డంగా ఊపి, తరవాతి రీలుకి వెళ్లారు. దాన్నీ కరిచి, ఊసి, ఇంకో గుంజకి వెళ్లారు. వెంకన్నబాబూ కాపలావాళ్లూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అలా ఒక్కొక్కటే కొరుక్కుంటూ వెళ్లి, మలుపు దగ్గర ఒక రీలు పట్టుకుని ఆగిపోయారు.

అక్కడ చాలాసేపు ఉన్నారు. గాలి పెరిగినప్పుడు ఆయన దవడ అదరడం నాకు కనిపించింది. మైకు టెస్టు చేసేవాళ్లు హారను వైపు చూసినట్టు, మూసిన కళ్లతోనే సముద్రం వైపు మొహం తిప్పారు. పది నిమిషాలో ఎంతో నేను చూడలేదు. ఎవరూ ఆపమనలేదు.

ఉండబట్టలేక పక్కన నేనూ అదే రీలు కొరికాను. ఉప్పు, బురద, ప్లాస్టిక్కు. తరవాత పుర్రె లోపలే ఎవరో కూస్తున్నట్టు ఒక హోరు. అది చెవి దగ్గర మొదలవలేదు, చెవి దగ్గర ఆగలేదు. వంగింది. లావెక్కింది. నేను చదివిన విజ్ఞాన సర్వస్వంలో దీనికి పేరు లేదు.

ఆయన రీలు వదిలి మూతి తుడుచుకున్నారు.

“ఇది నాదే.”

అది ఎలా సాధ్యం అన్నాను. గాలికి ఏ రీలైనా ఒకలాగే కూస్తుందని ఆయన ఎడమచెవిలో అరిచాను. ఆ ఎడమచెవికి నా అరుపు వినపడిందో లేదో తెలీదు.

“మిగతావాటికి ఓర్పు లేదు బాబూ. ఊరికే అరుస్తున్నాయి. ఇది ఆగి, పక్కకి తిరిగి, మళ్లీ వస్తోంది. మంగినపూడిలో ఇలాగే వచ్చింది.”

తరవాత ఆయన వెంకన్నబాబుని పిలిచి, ఈ కొస కొంచెం వదులైంది, శ్రుతి దిగిపోతోంది, బిగించమన్నారు. బిగిస్తే పిట్టలు ఇంకా బాగా బెదురుతాయా అని అడిగాడతను. పిట్టల సంగతి తనకి తెలీదనీ, మనుషులైతే గ్యారంటీ అనీ చెప్పారు. వెంకన్నబాబు స్వయంగా వెళ్లి బిగించాడు. పంట ఎత్తేదాకా ఆ రీలు విప్పనని మాటిచ్చాడు. కోటేశ్వరరావు గారు ఇంకోసారి కరిచి చూసి, చాలన్నారు.

చెప్పాల్సిన పేర్లు

మిగిలిన పావుగంట క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరుంది. గ్రంథాలయంలో వేద్దామంటే కార్యదర్శి గారు టీవీ వార్తలకి మాత్రమేనన్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను.

రాయాల్సిన పేర్లు, కృతజ్ఞతలతో, ఇవి. పెళ్లి మూడు గంటలు తీసి సినిమాని పూడ్చినా, అవనిగడ్డ దారి చెప్పిన ప్రసాదుకి. జరిమానా వసూలు చేసి కూడా క్యాసెట్‌ని వెనక్కి తిప్పకుండా ఉంచిన మహాలక్ష్మి గారికి, ఆవిడ తిప్పి ఉంటే ఆ పావుగంట కూడా చెరువు మీదే ఉండేది. చేపలు చీరాల వెళ్లాయని సాక్ష్యం చెప్పిన మంగినపూడి పెద్దాయనకి, పేరు అడగడం మర్చిపోయాను. శ్రుతి బిగించిన వెంకన్నబాబుకి, అతని మూడో పంట నిలవాలని కోరుకుంటూ. తరవాతేమైందని అడిగిన కాపలావాడు నాంచారయ్యకి. అటుకులు కట్టిచ్చిన కోటేశ్వరరావు గారి భార్య రాజేశ్వరమ్మ గారికి. ఆవిడ మొన్న నాగాయలంక నుంచి గుడివాడ వచ్చే లారీవాళ్ల చేత మూరల లెక్కన తెప్పించిన వేరే రీలు ఒకటి పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టించిందని విన్నాను. ఆయన ఎడమచెవి కూడా పోయిందట. పళ్లు గట్టిగానే ఉన్నాయట.

అందరికంటే ముందు కోటేశ్వరరావు గారికి. ఆ ఆఖరి భాగం చివరిదాకా విన్నవాడు లోకంలో ఆయనొక్కడే.

నాగాయలంక నీటికాకులకి మాత్రం కృతజ్ఞతలు చెప్పను. వాటి కోసమే వేసిన ఆటకి వచ్చి, అవి కూడా మధ్యలోనే లేచిపోయాయి.